నో-ఆర్‌టీలో బ్యాండ్ వచ్చిందా? ఆర్‌ఎన్‌ఏలోని డీఎన్‌ఏను డీఎన్‌ఏజ్‌తో తీసెయ్యడం ఎలా

"అక్కా, నో-ఆర్‌టీ ట్యూబ్‌లో కూడా బ్యాండ్ వచ్చింది. జెల్ ఫొటో పంపాను, కొంచెం చూడవా?"

ప్రాజెక్టుల సీజన్ మొదలైతే ఎమ్మెస్సీ పిల్లల నుంచి నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఇలాగే ఉంటాయి. తరవాత ప్రశ్న కూడా తెలుసు: "డీఎన్‌ఏజ్ వేశాను కదా, మరి ఎందుకొచ్చింది?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇక్కడ రాస్తున్నాను. వరి ఆకైనా, ఎలుక కాలేయమైనా, ప్లేట్‌లో పెంచిన కణాలైనా ఈ పద్ధతి ఒకటే.

ముందే ఒక మాట. డీఎన్‌ఏజ్ అనే ఎంజైమ్ చేత డీఎన్‌ఏను కోయించడం పెద్ద పనేమీ కాదు. మంచి బఫర్, 37 డిగ్రీల వేడి ఉంటే దాని పని అది చేసుకుంటుంది. కష్టమంతా దాన్ని సరిగ్గా ఆపడంలో ఉంది. నా దగ్గరకు వచ్చిన ఫెయిల్యూర్లలో ఎక్కువ భాగం ఎంజైమ్ వెయ్యకముందు జరిగినవో, ఆపేటప్పుడు జరిగినవో. అందుకే నేను కూడా ఆ రెండు చోట్లే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు బ్యాండ్ ఎక్కడిదో తేల్చుకోండి

నో-ఆర్‌టీ అంటే మీ ఆర్‌ఎన్‌ఏకు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌టీ; ఆర్‌ఎన్‌ఏను చూసి సీడీఎన్‌ఏ అనే డీఎన్‌ఏ నకలు తయారుచేసే ఎంజైమ్) తప్ప మిగతావన్నీ కలిపిన ట్యూబ్. అందులో సీడీఎన్‌ఏ తయారయ్యే దారి లేదు. అయినా పీసీఆర్‌లో (డీఎన్‌ఏకు బోలెడు నకళ్లు తీసే పద్ధతి) బ్యాండ్ వచ్చిందంటే టెంప్లేట్‌గా, అంటే నకలు తీసే మూలంగా, వేరే డీఎన్‌ఏ ఏదో ఉంది.

అది మీ శాంపిల్‌లోని జీనోమిక్ డీఎన్‌ఏనే (కణాల సొంత డీఎన్‌ఏ) అని వెంటనే తీర్మానించకండి. పక్కనున్న వాటర్ కంట్రోల్ చూడండి. టెంప్లేట్‌కు బదులు నీళ్లు వేసిన ఆ ట్యూబ్‌లో కూడా అదే సైజు బ్యాండ్ ఉంటే తప్పు ఆర్‌ఎన్‌ఏది కాదు. మీ ప్రైమర్‌లోనో (పీసీఆర్ మొదలవ్వడానికి వేసే పొట్టి డీఎన్‌ఏ పోగు), నీళ్లలోనో, అన్నీ ముందే కలిపి పెట్టుకునే మాస్టర్‌మిక్స్‌లోనో పాత పీసీఆర్ ప్రొడక్ట్ కలిసింది. అప్పుడు ఎంత డీఎన్‌ఏజ్ వేసినా లాభం లేదు, కొత్త అలిక్వాట్లు (విడిగా పోసి దాచిన చిన్న ట్యూబులు) తెరవాల్సిందే. నీళ్ల ట్యూబ్ శుభ్రంగా ఉండి నో-ఆర్‌టీలో మాత్రమే బ్యాండ్ ఉంటే, కింద రాసినదంతా మీ కోసమే.

వాటర్ కంట్రోల్ పెట్టలేదా? ముందు అది పెట్టి వచ్చి మిగతాది చదవండి.

థియరీ, ఒక్క పేరాలో

డీఎన్‌ఏజ్ 1ను మొదట ఆవు క్లోమం నుంచి తీసేవారు. మోజెస్ కూనిట్జ్ దీన్ని స్ఫటికాలుగా వేరుచేసి 1950లో వివరంగా రాశాడు, ఎంజైమ్ బలాన్ని కొలిచే ఒక యూనిట్‌కు ఆయన పేరు అందుకే. ఇది డీఎన్‌ఏను మధ్యమధ్యలో తెంపి పొట్టి ముక్కలు చేస్తుంది. పని చెయ్యడానికి మెగ్నీషియం, ఆకారం నిలవడానికి కాల్షియం కావాలి. ఆ రెండూ లాగేస్తే ఆగిపోతుంది. లోహ అయాన్లను పట్టేసే రసాయనం ఈడీటీఏ చేసేది అదే.

కావలసినవి

- ఆర్‌ఎన్‌ఏజ్-ఫ్రీ (ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమ్ లేనిది) అని లేబుల్ మీద ఉన్న డీఎన్‌ఏజ్ 1, మైక్రోలీటర్‌కు 1 యూనిట్. ప్రొటీన్ పనికి కొన్న చవక పౌడర్ ఇక్కడ వద్దు. క్లోమం నిండా ఆర్‌ఎన్‌ఏజ్ కూడా ఉంటుంది, సరిగా వేరుచెయ్యని పౌడర్‌లో అదీ వస్తుంది.
- దానితో వచ్చే 10ఎక్స్ బఫర్. నేను వాడే దాంట్లో 100 మిల్లీమోలార్ ట్రిస్, 25 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 1 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ ఉంటాయి. మీదాని కాగితం చూసుకోండి, కంపెనీని బట్టి మారుతుంది.
- 50 మిల్లీమోలార్ ఈడీటీఏ, పీహెచ్ 8.0.
- ఆర్‌ఎన్‌ఏజ్ లేని నీళ్లు, ఫిల్టర్ టిప్‌లు, కొత్త గ్లవ్స్, ఐస్.
- థర్మోసైక్లర్. వాటర్ బాత్‌తో కూడా చెయ్యొచ్చు. కాకపోతే 10 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో సగం ఆవిరై మూతకు అంటుకుంటుంది. వేడి మూత ఉన్న మెషీన్ అయితే ఆ బెడద లేదు.
- పాజిటివ్ కంట్రోల్‌కు కొంచెం జీనోమిక్ డీఎన్‌ఏ. అందరూ మరిచిపోయేది ఇదే.

ఎంజైమ్‌ను ఆటోమేటిక్‌గా డీఫ్రాస్ట్ అయ్యే ఫ్రీజర్‌లో పెట్టకండి. మంచు కరిగించడానికి అది తనంతట తానే వేడెక్కుతుంటుంది. మన దగ్గర ఎండాకాలంలో కరెంటు కోతలు వేరే ఉండనే ఉన్నాయి. మైనస్ 20 డిగ్రీల చిన్న బెంచ్‌టాప్ కూలర్ బాక్స్ ఒకటి ఫ్రీజర్‌లోనే ఉంచి, ఎంజైమ్‌లన్నీ అందులో పెట్టుకుంటే కాస్త నిశ్చింత.

యూనిట్ల గొడవ

రెండు డబ్బాల మీద "యూనిట్" అనే ఉన్నా అవి ఒకటి కావు. కూనిట్జ్ యూనిట్ లెక్క డీఎన్‌ఏ తెగేకొద్దీ 260 నానోమీటర్ల దగ్గర పెరిగే అబ్సార్బెన్స్‌ను బట్టి వస్తుంది. మాలిక్యులర్ బయాలజీ ఎంజైమ్‌లు అమ్మే చాలా కంపెనీల లెక్క వేరు: 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాల్లో 1 మైక్రోగ్రామ్ ప్లాస్మిడ్ డీఎన్‌ఏను పూర్తిగా కోసేది 1 యూనిట్. ఈ రెండో రకం యూనిట్ కొన్ని కంపెనీల కాగితాల ప్రకారం 0.3 కూనిట్జ్ యూనిట్‌కు సమానం. కాలమ్ కిట్‌తో (ఆర్‌ఎన్‌ఏను మెంబ్రేన్‌కు అంటించి కడిగే కిట్) వచ్చే పౌడర్‌ను ఒక్కో కాలమ్‌కు సుమారు 27 కూనిట్జ్ యూనిట్లు వాడమంటారు. ఒక ప్రోటోకాల్‌లోని అంకెను ఇంకో డబ్బాకు పెడితే ఎంత తేడా వస్తుందో మీరే లెక్కేసుకోండి.

ఎంజైమ్ తియ్యకముందు చెయ్యాల్సింది

ట్రైజాల్ రకం రసాయనంతో తీసిన ఆర్‌ఎన్‌ఏలో డీఎన్‌ఏ ఎక్కువగా ఉంటే, చాలాసార్లు కారణం అత్యాశే. 1 మిల్లీలీటర్‌కు 50 నుంచి 100 మిల్లీగ్రాముల టిష్యూ అని రాసి ఉంటే, ఆకు ఎక్కువైతే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ వస్తుందని 300 మిల్లీగ్రాములు నూరతారు. క్లోరోఫామ్ వేసి తిప్పాక డీఎన్‌ఏ మధ్యపొరలో ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏ పైనున్న నీళ్ల పొరలో. ఆ పైపొరను చివరి చుక్క దాకా లాగితే మధ్యపొర కూడా టిప్‌లోకి వచ్చేస్తుంది. పైపొరలో పావు వంతు వదిలెయ్యండి. ఆ పావు వంతు మీద ఆశ పడి మూడు రోజులు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, వాళ్లలో నేనూ ఉన్నాను.

తరవాత ఉప్పు సంగతి. ట్రైజాల్‌లోని గ్వానిడిన్ అనే ఉప్పు మిగిలిపోతే 260/230 నిష్పత్తి (260, 230 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్‌ల నిష్పత్తి) పడిపోతుంది. ఉప్పు ఎక్కువైతే డీఎన్‌ఏజ్ 1 నెమ్మదిస్తుంది, ఇంకా ఎక్కువైతే దాదాపు ఆగిపోతుంది. ఆ నిష్పత్తి 1.5 కంటే తక్కువ వస్తే పెల్లెట్‌ను 75 శాతం ఎథనాల్‌తో ఇంకోసారి కడిగి, ఆరనిచ్చి, మళ్లీ కరిగించండి.

ఒక హెచ్చరిక. 260/280 నిష్పత్తి 2.0 వచ్చింది కాబట్టి డీఎన్‌ఏ లేదని అనుకోవద్దు. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండూ 260 దగ్గరే కాంతిని పీల్చుకుంటాయి. ఏది ఎంతుందో అబ్సార్బెన్స్ కొలిచే మెషీన్ విడదీసి చెప్పలేదు.

అసలు పని

1. ఆర్‌ఎన్‌ఏను ఐస్ మీద కరిగించండి. ఎన్ని శాంపిళ్లుంటే వాటికి ఒకటి కలిపి మాస్టర్‌మిక్స్ లెక్క వేసుకోండి: 8 ఉంటే 9కి.

2. ఒక్కో ట్యూబ్‌లో 1 మైక్రోగ్రామ్ ఆర్‌ఎన్‌ఏ, 1 మైక్రోలీటర్ 10ఎక్స్ బఫర్, 1 మైక్రోలీటర్ డీఎన్‌ఏజ్, మొత్తం 10 మైక్రోలీటర్లు అయ్యేలా నీళ్లు. ఎంజైమ్ చివర్లో వెయ్యాలి. ఆర్‌ఎన్‌ఏ 8 మైక్రోలీటర్లు మించి పట్టేంత పలచగా ఉంటే మొత్తం రియాక్షన్‌ను 20 మైక్రోలీటర్లకు పెంచి, బఫర్‌నూ 2 చెయ్యండి. బఫర్‌ను 1 మీదే ఉంచి నీళ్లు మాత్రం పెంచకండి.

3. వోర్టెక్స్ చెయ్యకండి. ఇది మళ్లీ చదవండి. డీఎన్‌ఏజ్ 1 కుదుపులకు పాడయ్యే ఎంజైమ్. పిపెట్‌తో మెల్లగా పైకీ కిందికీ నాలుగుసార్లు, లేదా ట్యూబ్‌ను వేలితో తట్టి, ఒక చిన్న స్పిన్. నేను మొదటి ఏడాది కొత్త ట్యూబ్ రాగానే అలవాటుగా వోర్టెక్స్ మీద పెట్టేశాను. మూడు వారాలు ప్రైమర్లను తిట్టుకున్నాక తెలిసింది, తిట్టాల్సింది వాటిని కాదని.

4. 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. "ఇంకో గంట పెడితే ఇంకా శుభ్రం కదా" అంటారు. వద్దు. మెగ్నీషియం ఉన్న ద్రావణంలో వేడి తగిలేకొద్దీ ఆర్‌ఎన్‌ఏ తనంతట తానే విరుగుతుంది.

కొన్ని రకాల డీఎన్‌ఏజ్‌లకు "రూమ్ టెంపరేచర్‌లో 15 నిమిషాలు, అంతకు మించొద్దు" అని ఉంటుంది. ఆ రూమ్ విజయవాడలో మే నెల రూమ్ కాదు. ఏసీ పనిచెయ్యని ల్యాబ్‌లో 38 డిగ్రీలున్నప్పుడు బెంచ్ మీద వదిలెయ్యకుండా, మెషీన్‌ను 25 డిగ్రీలకు పెట్టి అందులో ఉంచండి.

5. ట్యూబ్‌లను ఐస్ మీదకు తెచ్చి, ఒక్కోదానికి 1 మైక్రోలీటర్ 50 మిల్లీమోలార్ ఈడీటీఏ వేసి కలపండి, స్పిన్ చెయ్యండి. రియాక్షన్ 20 మైక్రోలీటర్లైతే 2 వెయ్యాలి.

6. ఆ తరవాతే 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు. ఈ వరస మారకూడదు. ఈడీటీఏ లేకుండా వేడి చేస్తే డీఎన్‌ఏజ్ చచ్చేలోపు మెగ్నీషియం మీ ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసేస్తుంది. జెల్ మీద స్మియర్ (బ్యాండ్లకు బదులు చెదిరిన మరక) చూసి "ఎంజైమ్‌లో ఆర్‌ఎన్‌ఏజ్ ఉంది" అని కంపెనీకి మెయిల్ రాసేవాళ్లలో కొందరు నిజంగా చేసిన తప్పు ఇదే.

7. ఐస్ మీద పెట్టండి. అదే రోజు సీడీఎన్‌ఏ చేస్తే మంచిది, లేదంటే మైనస్ 80కి.

ఈడీటీఏ లెక్క: ఇక్కడ ఆగి కాగితం తియ్యండి

ఈడీటీఏ ఒక అణువు ఒక లోహ అయాన్‌ను పట్టుకుంటుంది, ఒకటికి ఒకటి. పైన చెప్పిన 10 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో మెగ్నీషియం 25 నానోమోల్‌లు, కాల్షియం 1 నానోమోల్, మొత్తం 26. మీరు వేసిన ఈడీటీఏ 50 నానోమోల్‌లు. అంటే 24 నానోమోల్‌ల ఈడీటీఏ ఖాళీగా తిరుగుతోంది.

ఇప్పుడు ఆ 11 మైక్రోలీటర్లూ తీసుకెళ్లి 20 మైక్రోలీటర్ల సీడీఎన్‌ఏ రియాక్షన్‌లో పోశారనుకోండి. అందులో మెగ్నీషియం 3 మిల్లీమోలార్ ఉంటే అది 60 నానోమోల్‌లు. ఖాళీ ఈడీటీఏ 24 లాగేస్తే మిగిలేది 36, అంటే 1.8 మిల్లీమోలార్. డీఎన్‌టీపీలు (డీఎన్‌ఏ కట్టే ఇటుకలు) కూడా మెగ్నీషియంను పట్టుకునే రకమే. చాలాసార్లు ఇలాగే నడిచిపోతుంది. సీడీఎన్‌ఏ తక్కువగా వస్తోందని అనిపిస్తే మాత్రం 11కు బదులు 5 మైక్రోలీటర్లే వాడండి, లేదా తగ్గిన మెగ్నీషియాన్ని లెక్కగట్టి కలపండి.

ఇక అసలు ప్రమాదం. మన ల్యాబుల్లో షెల్ఫ్ మీద ఎప్పుడూ ఉండే ఈడీటీఏ సీసా 0.5 మోలార్. హడావుడిలో దాన్నే 1 మైక్రోలీటర్ వేస్తే 500 నానోమోల్‌లు పడ్డట్టు. సీడీఎన్‌ఏ మిక్స్‌లోని మెగ్నీషియం మొత్తం మాయం. నో-ఆర్‌టీ చక్కగా శుభ్రంగా వస్తుంది, పక్కనున్న ప్లస్-ఆర్‌టీ (ఆర్‌టీ వేసిన ట్యూబ్) కూడా అంతే శుభ్రంగా వస్తుంది! అందుకని 0.5 మోలార్‌ది 100 మైక్రోలీటర్లు తీసుకుని 900 నీళ్లలో కలిపి, చిన్న ట్యూబుల్లో పోసి, మూత మీద "50" అని పెద్దగా రాసి పెట్టుకోండి.

ఈడీటీఏ వద్దనుకుంటే

కాలమ్ మీదే డీఎన్‌ఏజ్ వెయ్యడం అన్నిటికంటే సుఖం. ఆర్‌ఎన్‌ఏ కాలమ్‌కు అంటుకున్నాక ఒకసారి కడిగి, మెంబ్రేన్ మధ్యలో ఎంజైమ్ మిక్స్ వేసి 15 నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగెయ్యడం. ఎంజైమ్ కూడా ఆ కడుగులోనే పోతుంది. మిక్స్ గోడకో, ఓ-రింగ్‌కో అంటుకుని మెంబ్రేన్ మీద పడకపోవడమే ఇందులో అందరూ చేసే తప్పు. ఖర్చు ఎక్కువ, అది ఒప్పుకోవాలి.

ఫినాల్-క్లోరోఫామ్‌తో ఎంజైమ్‌ను తీసేసి, 3 మోలార్ సోడియం అసిటేట్ పదో వంతు, చల్లని ఎథనాల్ రెండున్నర రెట్లు కలిపి ఆర్‌ఎన్‌ఏను మళ్లీ దింపడం పాత పద్ధతి. బాగానే పనిచేస్తుంది. కాకపోతే ప్రతిసారీ కొంత ఆర్‌ఎన్‌ఏ పోతుంది. ఆర్‌ఎన్‌ఏ తక్కువగా ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది, హుడ్‌లోనే చెయ్యండి.

రొయ్యల నుంచి వచ్చిన రకం డీఎన్‌ఏజ్ కూడా దొరుకుతోంది. అది రెండు పోగుల డీఎన్‌ఏనే కోస్తుంది, ఒంటిపోగు ప్రైమర్లను దాదాపు ముట్టుకోదు, తక్కువ వేడికే చచ్చిపోతుంది. డబ్బులుంటే మంచి ఎంపిక.

డీఎన్‌ఏ మరీ ఎక్కువగా ఉంటే ఎంజైమ్‌కు ముందే లిథియం క్లోరైడ్‌తో దింపండి. చివరి గాఢత 2.5 మోలార్, మైనస్ 20లో కనీసం అరగంట. ఆర్‌ఎన్‌ఏ కిందికి వస్తుంది, డీఎన్‌ఏ చాలావరకు పైనే మిగులుతుంది. చిన్న ఆర్‌ఎన్‌ఏలు కూడా పైనే పోతాయి కాబట్టి మైక్రోఆర్‌ఎన్‌ఏ పని ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. లిథియం మిగిలితే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌కు పడదు, 70 శాతం ఎథనాల్‌తో బాగా కడగండి.

పనైందో లేదో చూడటం

మొదట జెల్. 200 నుంచి 300 నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏజ్‌కు ముందుది, తరవాతది పక్కపక్కన రన్ చెయ్యండి. రైబోజోముల రెండు బ్యాండ్లు గట్టిగా, పైది కిందిదానికంటే మందంగా కనబడాలి. ఆకు శాంపిల్ అయితే క్లోరోప్లాస్ట్‌వి కూడా కలిసి నాలుగైదు బ్యాండ్లు వస్తాయి, కంగారు పడకండి. వెల్ దగ్గర, పైన మందంగా ఉన్న బ్యాండ్ జీనోమిక్ డీఎన్‌ఏ. తరవాతి లేన్‌లో అది ఉండకూడదు. జెల్ ట్రేలో ఆర్‌ఎన్‌ఏజ్ ఉందేమోనని టెన్షన్ ఉంటే, 100 మిల్లీలీటర్ల అగరోజ్ బఫర్‌లో 1 మిల్లీలీటర్ మామూలు బ్లీచ్ కలిపి, 5 నిమిషాలు ఆగి, ఆ తరవాత గాలి ఆడే చోట కరిగించండి.

జెల్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. కంటికి కనబడనంత డీఎన్‌ఏ పీసీఆర్‌కు చాలా ఎక్కువ. పైగా డీఎన్‌ఏజ్ అరకొరగా కోస్తే 1000 బేస్‌ల ముక్కలు పోయినా 100 బేస్‌ల ముక్కలు మిగలొచ్చు. మీరు చేసే క్యూపీసీఆర్ (డీఎన్‌ఏ ఎంతుందో లెక్కగట్టే పీసీఆర్) కొలిచేది ఆ 100 బేస్‌లనే. కాబట్టి మీరు కొలవబోయే ప్రైమర్లతోనే పరీక్షించాలి.

సీడీఎన్‌ఏ కిట్ ఖర్చు పెట్టకముందే, డీఎన్‌ఏజ్ చేసిన ఆర్‌ఎన్‌ఏను నేరుగా టెంప్లేట్‌గా పెట్టి 35 సైకిళ్ల పీసీఆర్ చెయ్యండి. నాలుగు ట్యూబులు:

- 50 నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ మాత్రమే
- అదే ఆర్‌ఎన్‌ఏ, దానికి తోడు 1 నానోగ్రామ్ జీనోమిక్ డీఎన్‌ఏ
- జీనోమిక్ డీఎన్‌ఏ మాత్రమే
- నీళ్లు

రెండో ట్యూబ్ ఎందుకని అడుగుతారు. మొదటి ట్యూబ్‌లో బ్యాండ్ రాకపోవడానికి రెండు కారణాలుండొచ్చు: డీఎన్‌ఏ పోయి ఉండొచ్చు, లేదా మిగిలిన ఈడీటీఏ వల్లో ఫినాల్ వల్లో పీసీఆరే ఆగిపోయి ఉండొచ్చు. రెండో ట్యూబ్‌లో బ్యాండ్ వస్తేనే మొదటిదాని శుభ్రత నిజం. డీఎన్‌ఏజ్ ఇంకా బతికే ఉన్నా రెండో ట్యూబ్‌లో బ్యాండ్ తగ్గిపోవచ్చు. మూడో ట్యూబ్ ఒక్కదానిలోనే బ్యాండ్ వస్తే ఏదో పీసీఆర్‌ను అడ్డుకుంటోందని, లేదా డీఎన్‌ఏజ్ బతికే ఉందని అర్థం.

ఇక్కడ ప్రైమర్లు జీనోమిక్ డీఎన్‌ఏను పట్టేవై ఉండాలి. ఎక్సాన్-ఎక్సాన్ జంక్షన్ (మధ్యలోని ఇంట్రాన్ తీసేశాక రెండు ఎక్సాన్ ముక్కలు కలిసే చోటు) మీద కూర్చునే ప్రైమర్లతో చేస్తే డీఎన్‌ఏ ఎంతున్నా బ్యాండ్ రాదు, పరీక్షకు అర్థం ఉండదు.

క్యూపీసీఆర్ చేసేవాళ్లకు "బ్యాండ్ ఉందా లేదా" అనే ప్రశ్నే కాదు, సీటీల (సిగ్నల్ బయటపడే సైకిల్ అంకె) మధ్య ఎడం ఎంత అన్నది ముఖ్యం. ఒకే పరిమాణం ఆర్‌ఎన్‌ఏ పెట్టినప్పుడు నో-ఆర్‌టీ సీటీ, ప్లస్-ఆర్‌టీ సీటీ కంటే 5 సైకిళ్లు వెనక వస్తే డీఎన్‌ఏ వాటా సుమారు 3 శాతం. 7 వెనక వస్తే 1 శాతానికి లోపు, 10 వెనక వస్తే 0.1 శాతం దగ్గర. నేను 7కు తక్కువైతే ఒప్పుకోను. ఎక్కువగా పలికే (ఎక్కువ ఆర్‌ఎన్‌ఏ తయారయ్యే) జీన్‌కు 10 ఎడం వచ్చిందని సంబరపడకండి, అదే శాంపిల్‌లో తక్కువగా పలికే జీన్‌కు 3 కూడా రాకపోవచ్చు. డీఎన్‌ఏ మారలేదు, పోల్చే సీడీఎన్‌ఏ తగ్గింది. మీ జీన్‌లలో అతి తక్కువగా పలికేదానితోనే చూడండి.

ఇంకా రావడం లేదంటే

బ్యాండ్ పోకపోతే ఎంజైమ్ బతికుందో లేదో చూడండి. 500 నానోగ్రాముల ప్లాస్మిడ్, బఫర్, 1 యూనిట్ డీఎన్‌ఏజ్, 37 డిగ్రీలు, 10 నిమిషాలు. జెల్ మీద ప్లాస్మిడ్ మాయమవ్వాలి. మాయమైతే ఎంజైమ్ మంచిదే, మీ ఆర్‌ఎన్‌ఏలో ఉప్పో ఇంకేదో దాన్ని అడ్డుకుంటోంది. ఆర్‌ఎన్‌ఏను ఈడీటీఏ ఉన్న టీఈ బఫర్‌లో కరిగించారేమో కూడా గుర్తు తెచ్చుకోండి. ఎంజైమ్ మొదలవ్వకముందే ఆపేసినట్టు అవుతుంది అది!

ఆర్‌ఎన్‌ఏ స్మియర్ అయితే మూడు ట్యూబులు: ఒకటి ఐస్ మీదే ఉంచిన ఆర్‌ఎన్‌ఏ, రెండోది 37 డిగ్రీల దగ్గర బఫర్‌తో మాత్రమే, మూడోది బఫర్, ఎంజైమ్ రెండూ. రెండోదే పాడైతే దొంగ మీ నీళ్లలోనో, బఫర్‌లోనో, అసలు ఆర్‌ఎన్‌ఏలోనో ఉన్నాడు. మూడోది ఒక్కటే పాడైతే అప్పుడు ఎంజైమ్‌ను అనుమానించండి.

ప్లస్-ఆర్‌టీలో కూడా ఏమీ రాకపోతే ఈడీటీఏ ఎక్కువైంది, లేదా డీఎన్‌ఏజ్ చావలేదు. ఈ రెండోది మోసకారి. బతికున్న డీఎన్‌ఏజ్ సీడీఎన్‌ఏ మిక్స్‌లోని మెగ్నీషియం దొరకగానే మళ్లీ లేచి ప్రైమర్లనూ, కొత్తగా పుట్టిన సీడీఎన్‌ఏనూ కోస్తుంది. తేల్చుకోవడం సులువే. ఆపేసిన రియాక్షన్‌ను సీడీఎన్‌ఏ బఫర్‌లో వేసి, 200 నానోగ్రాముల ప్లాస్మిడ్ కలిపి, 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి రన్ చెయ్యండి. ప్లాస్మిడ్ చెక్కుచెదరకుండా ఉంటే అది చచ్చినట్టే.

"ఎక్సాన్ జంక్షన్ ప్రైమర్లు వాడితే ఇదంతా అక్కర్లేదు కదా" అనే తెలివైన ప్రశ్న ఒకటి ఉంది. చాలా జీన్‌లకు నిజమే. కానీ మనుషుల్లో, ఎలుకల్లో జీఏపీడీహెచ్, బీటా ఆక్టిన్ లాంటి వాటికి ఇంట్రాన్లు లేని సూడోజీన్‌లు (పనిచెయ్యని జీన్ నకళ్లు) జీనోమ్ నిండా ఉన్నాయి. వాటి నుంచి వచ్చే బ్యాండ్ సీడీఎన్‌ఏ బ్యాండ్ సైజులోనే ఉంటుంది. అందరూ రిఫరెన్స్ జీన్‌గా పెట్టుకునేది వీటినే, అదీ చిక్కు. అన్నట్టు, కణాల్లోని ఆక్టిన్ ప్రొటీన్ డీఎన్‌ఏజ్ 1కు గట్టిగా అతుక్కుని దాన్ని ఆపుతుందని 1974లోనే తేలింది. ఆక్టిన్‌కు ఈ ఎంజైమ్‌తో ఏదో పాత పగ ఉన్నట్టుంది.

మిగతా ఎంజైమ్‌లకూ ఇదే పరీక్ష

డీఎన్‌ఏను కోసే ఏ ఎంజైమ్ చేతికొచ్చినా ముందు "దీన్ని ఎలా ఆపాలి" అని కాగితంలో వెతకండి. పీసీఆర్‌లో మిగిలిన ప్రైమర్లను తినే ఎక్సోన్యూక్లియేజ్ 1 ఆగడానికి 80 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు చాలు. క్రోమాటిన్‌ను ముక్కలు చేసే మైక్రోకోకల్ న్యూక్లియేజ్‌కు కాల్షియం తప్పనిసరి, కాబట్టి కాల్షియంను పట్టేసే ఈజీటీఏ వేస్తే ఆగుతుంది. ఎకోఆర్1 65 డిగ్రీలకు లొంగుతుంది, బామ్‌హెచ్1 మాత్రం ఆ వేడికి లొంగదు, కాలమ్‌తో కడగడం మేలు. సెరేషియా బ్యాక్టీరియా నుంచి వచ్చిన న్యూక్లియేజ్ ఆర్‌ఎన్‌ఏను కూడా తినేస్తుంది, పొరపాటున కూడా ఈ పనికి తియ్యకండి. ప్రొటీన్ పనిలో లైసేట్ జిగురుగా సాగినప్పుడు దాన్ని పలచన చెయ్యడానికి అది బంగారం. ఆ పనికి చవక డీఎన్‌ఏజ్ కూడా సరిపోతుంది: మిల్లీలీటర్‌కు 10 మైక్రోగ్రాములు, 5 మిల్లీమోలార్ మెగ్నీషియం, ఐస్ మీద 15 నిమిషాలు. ఈడీటీఏ ఉన్న ప్రొటియేజ్ ఇన్హిబిటర్ మాత్రం అందులో ముందే వెయ్యకండి.

ఇక తరచూ వచ్చే చివరి ప్రశ్న: "అక్కా, సీడీఎన్‌ఏ ఇప్పటికే చేసేశాను, దాని మీదే డీఎన్‌ఏజ్ వేసెయ్యనా?" వద్దమ్మా. సీడీఎన్‌ఏ కూడా డీఎన్‌ఏనే, మొత్తం పోతుంది. మైనస్ 80లో ఆర్‌ఎన్‌ఏ మిగిలి ఉంటే అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టు. అది కూడా అయిపోయి ఉంటే, సూడోజీన్‌లు లేని జీన్‌లకు జంక్షన్ ప్రైమర్లు కొత్తగా తెప్పించుకుని వాటి ఫలితాలు మాత్రమే వాడు, నో-ఆర్‌టీ సీటీలను కూడా పక్కనే రాసి చూపించు.